చిన్న వేషాలు, సొంత వేదిక: మాకో నటజీవితం

సినిమా చరిత్ర రాసేటప్పుడు కథానాయకుల పేరిట అధ్యాయాలు కేటాయిస్తాం, క్యారెక్టర్ నటులను చివర ఒక పేరాలో సర్దేస్తాం. ఆ నటుడు వలస వచ్చినవాడైతే ఆ పేరా కూడా దక్కదు. జపాన్ నుంచి అమెరికా వెళ్లి నలభై ఏళ్లకు పైగా నటించిన మాకోను ఈ ఉపన్యాసానికి ఎంచుకోవడానికి అదే కారణం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వలస నటుడి స్థాయిని దొరికిన వేషాల నిడివితో కొలవకూడదు. దొరికిన దానిలో ఏం చేశాడు, దొరకని దాని కోసం ఏం కట్టాడు అన్న రెండూ కలిపి చూస్తేనే ఆ జీవితానికి న్యాయం జరుగుతుంది.

ఆయన పూర్తి పేరు మకోటో ఇవమత్సు. 1933లో కోబే నగరంలో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ చిత్రకారులు, జపాన్ సైనిక పాలనను ఎదిరించి జైలుకు వెళ్లినవారు. 1939లో వాళ్లు అమెరికా వెళ్లిపోగా, పిల్లవాడు జపాన్‌లోనే ఉండిపోయి యుద్ధం ముగిశాక 1949లో గానీ వారిని చేరుకోలేదు. భవన నిర్మాణ శాస్త్రం చదవబోయి నాటకాల వైపు మళ్లారు. అమెరికా సైన్యంలో పనిచేశాక, మాజీ సైనికులకిచ్చే విద్యా సాయంతో పాసడీనా ప్లేహౌస్‌లో నటన నేర్చుకున్నారు. 1956లో ఆ దేశ పౌరులయ్యారు. అయితే పౌరసత్వం ఇచ్చినంత తేలిగ్గా ఆ దేశం వేషాలివ్వలేదు. 1961లో వచ్చిన ‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫానీస్’లో జపాన్ దేశస్థుడి వేషాన్ని మికీ రూనీ ఎత్తుపళ్లు తగిలించుకుని వేశారు. ఆసియా నటులకు మిగిలినవి చాలావరకు నౌకర్లు, కూలీలు, శత్రు సైనికుల పాత్రలే.

మాకోకు పేరు తెచ్చిన పాత్ర కూడా కూలీదే. రాబర్ట్ వైజ్ తీసిన ‘ద శాండ్ పెబల్స్’ (1966) కథ 1926 నాటి చైనాలో, అమెరికా యుద్ధనౌక మీద నడుస్తుంది. ఇంజిన్ గదిలో పనిచేసే పో-హాన్‌కు స్టీవ్ మెక్వీన్ పాత్ర హోల్మన్ ఆవిరి యంత్రం పని నేర్పుతాడు. కాగితం మీద చూస్తే ఇది దొర చెబితే కూలీ తలాడించే సన్నివేశం. మాకో దాన్ని ఒక మనిషి బుద్ధి వికసించే ఘట్టంగా మార్చారు. అర్థం కానప్పటి తడబాటు, అర్థమైన క్షణాన కళ్లలో వెలుగు, ఇక యంత్రం తనదన్న ధీమా వరుసగా కనిపిస్తాయి. అందుకే తర్వాత తీరం మీద గుంపు అతణ్ణి చిత్రహింసలు పెట్టగా, తనను కాల్చి చంపమని అతను వేడుకున్నప్పుడు, హోల్మన్ తుపాకీ పేల్చినప్పుడు, ప్రేక్షకుడికి పోయింది కూలీ కాదు, తెలిసిన మనిషి. ఆ పాత్రకు ఆస్కార్ సహాయ నటుడి నామినేషన్ వచ్చింది.

ఇక్కడొక అభ్యంతరం ఉంది. వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడే కూలీని ఎంత గొప్పగా నటించినా, ఆ మూసకు బలం చేకూర్చడమే కదా? పైగా కొరియా యుద్ధం నేపథ్యంగా సాగిన ‘మాష్’ టీవీ ధారావాహికలో ఆయన ఒకసారి చైనా వైద్యుడు, మరోసారి దక్షిణ కొరియా అధికారి, ఇంకోసారి ఉత్తర కొరియా సైనికుడు. ఆసియా ముఖాలన్నీ ఒకటేనన్న నిర్మాతల ధోరణికి ఆయన లొంగిపోలేదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చలేం. వేషం తిరస్కరించడమూ గౌరవప్రదమైన మార్గమే. కానీ తిరస్కరించినంత మాత్రాన మంచి పాత్ర రాసేవాడు పుట్టుకురాడు. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి. మాకో అద్దె కడుతూనే సొంత ఇల్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. ‘ద శాండ్ పెబల్స్’ విడుదలకు ముందే, 1965లో, జేమ్స్ హాంగ్, బ్యూలా క్వో తదితరులతో కలిసి లాస్ ఏంజెలెస్‌లో ‘ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్’ నాటక సంస్థను స్థాపించారు. తొలి ప్రదర్శన ‘రషోమాన్’. చర్చి నేలమాళిగలో మొదలైన ఆ సంస్థకు 1989 వరకు కళాదర్శకుడిగా ఉన్నారు.

చిన్న హాల్లో కొద్దిమంది చూసే నాటకం, కోట్ల మంది చూసే మూసను ఏం చేయగలదని మరొకరు అడగవచ్చు. సంఖ్యల లెక్కలో ఏమీ చేయలేదు. అయితే నటుడికి, రచయితకు కావలసిన మొదటి మెట్టు సంఖ్య కాదు, అవకాశం. వకాకో యమవుచి, డేవిడ్ హెన్రీ హ్వాంగ్ వంటి రచయితల నాటకాలు ఆ వేదికెక్కాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపనీయ అమెరికన్లను నిర్బంధించిన శిబిరాలపై 1981లో ప్రభుత్వ సంఘం విచారణలు జరుపుతుంటే, మాకో ఆ ఏడాది నాటకాలన్నీ ఆ నిర్బంధం మీదే వేయించారు. యుద్ధం రోజుల్లో ఆయన జపాన్‌లో ఉన్నారు కనుక ఆ శిబిరాలు ఆయన అనుభవం కాదు. అయినా ఆ బాధకు వేదిక కల్పించడం తన బాధ్యత అనుకున్నారు. ఆయన నటనకు కూడా నాటకరంగమే పూర్తి పరిధినిచ్చింది. 1976లో బ్రాడ్వేలో సోండ్‌హైమ్ సంగీతనాటకం ‘పసిఫిక్ ఓవర్చర్స్’లో కథను నడిపించే వ్యాఖ్యాత పాత్ర ధరించి టోనీ నామినేషన్ పొందారు. ఆ నాటకంలో అమెరికన్ నౌకలను జపాన్ వైపు నుంచి చూస్తాం. ఆ చూపును నడిపేది ఆయనే.

చివరి సంవత్సరాల్లో ‘సమురాయ్ జాక్’ యానిమేషన్‌లో దుష్టమాంత్రికుడు ఆకుకు, ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’లో ఐరోకు ఆయన గొంతే ప్రాణం పోసింది. కొడుకును పోగొట్టుకున్న దుఃఖాన్ని దాచుకుని, దారి తప్పిన తమ్ముడి కొడుకుని కడుపులో పెట్టుకున్న ఐరోను పిల్లలు ఏ దేశపు మూసగానూ చూడలేదు. 2006లో మాకో కన్నుమూశాక, ఆ ధారావాహికలో ఒక భాగాన్ని ఆయనకు అంకితం చేశారు. ఆయనకు హాలీవుడ్ కథానాయక స్థానం ఎన్నడూ ఇవ్వలేదు. ఆ లోటు ఆయనది కాదు, హాలీవుడ్‌ది. ఏ దేశానికి వలస వెళ్లిన సమాజమైనా, మన తెలుగువారితో సహా, తన నటులను చూసి గర్వపడటంతో సరిపెట్టుకోకూడదు. వారి కోసం రాసేవారిని, ఆడించే వేదికను పోషించాలి. మాకో ఆ రెండు పనులూ నటిస్తూనే చేశారు. ఆయన గురించి రాసే చరిత్ర పాత్రల జాబితాతో ఆగిపోకుండా ఆ వేదిక మీద ఎదిగినవారి దాకా సాగాలి.