కోర్టు స్టెనో విద్యకు బడి నెన్నుకొనుట



గెట్టు తగాదాలో దెబ్బలు తిన్న రైతు హనుమకొండ అదాలత్తులో సాక్షి బోనెక్కి, "గొడ్డలి కాడతో కొట్టినాడు" అని తెలుగున చెప్పును. న్యాయాధిపతి ఆ మాటను తరచుగా ఇంగ్లీషున కూర్చి పలుకును. ప్రక్కనున్న స్టెనోగ్రాఫరు దానిని వ్రాసికొనును. అందు "కాడ" జారిపోయి "గొడ్డలితో కొట్టినాడు" అని మాత్రమే నిలిచినచో, నేరపు స్వరూపమే మారిపోవును. సాక్ష్యమును సాక్షికి చదివి వినిపింపవలెనని చట్టమున నున్నది. కాని ఇంగ్లీషున చదివినప్పుడు రైతు ఏమి పట్టుకొనగలడు? పై కోర్టుకు పోవునది అతని కంఠము కాదు, ఆ కాగితమే. నిజాము కాలమున ఇచ్చటి కోర్టులలో ఉర్దూ నడిచినది. కాగితపు భాష మారినను రైతు మాటకును కాగితమునకును నడుమ తర్జుమా మిగిలియే యున్నది.

అమెరికాలో కోర్టు రిపోర్టరు అను ప్రత్యేక వృత్తి కలదు. వారు చిన్న యంత్రముపై పలు మీటలు ఒక్కసారిగా నొక్కి, నిమిషమునకు 225 మాటలు పట్టుదురు. మన జిల్లా కోర్టులలో ఆ పని చాలవరకు స్టెనోగ్రాఫరుదే. తెలంగాణ న్యాయశాఖ ప్రకటనలు డిగ్రీతోపాటు ఇంగ్లీషు షార్టుహ్యాండున నిమిషమునకు 120 మాటలు, టైపున 45 మాటల హయ్యరు పరీక్షలు కోరుచు వచ్చినవి. ఆ పరీక్షలు నడపునది హైదరాబాదులోని సాంకేతిక విద్యా శిక్షణ మండలి. బడివారు తామై యిచ్చు పత్రము ఎంత రంగులతో అచ్చైనను దానికి సాటి రాదు. కావున మొదట అడుగవలసినది ఇది: నిరుడు మండలి పరీక్షకు ఎందరిని పంపిరి, ఎందరు నెగ్గిరి?

1837లో పిట్‌మన్ వెలయించిన లిపి అక్షరమును గాక ధ్వనిని పట్టును. 'ప'కారమునకు సన్నని గీత; అదే గీత దళసరియైనచో 'బ'కారము. తొలి మాసములలో గురువు నోటుపుస్తకము తెరచి గీత గీతను దిద్దనిచో తప్పు చేతికి అలవాటై, వేగము పెరిగినప్పుడు తన వ్రాత తనకే చదువరాకుండును. ఏబదిమందిని కూర్చుండబెట్టి గోడ గడియారము చూచి చదివి పోవు చోట ఈ దిద్దుబాటు దుర్లభము.

మరియొక మోసము కలదు. ఒకే పాఠమును పదిమార్లు చెప్పి వ్రాయించిన పిల్లవానికి అది కంఠస్థమగును. దానినే 120 మాటల వేగమని మురియుదురు. రుసుము కట్టకమునుపు ఒక దినము ఆ తరగతిలో కూర్చుండి చూడవలెను. ఆనాటి పత్రికనుండి ఎన్నడును వినని భాగమును ఐదు నిమిషములు చదివించి, ఆ ఆరువందల మాటలను పిల్లలు తిరిగి వ్రాయుదురేమో గమనింపవలెను. గెట్టు, శిఖం, పహాణీ వంటి మాటలకు ఇంగ్లీషున ఏమందురో చెప్పు గురువు దొరకినచో, సైనుబోర్డు చిన్నదైనను అదే మేలైన బడి.

యంత్రములు వచ్చుచుండగా ఈ శ్రమ యేల యని తండ్రు లడుగుట న్యాయమే. సుప్రీంకోర్టులో 2023లో వాదములను యంత్రముచే వ్రాయించుట ఆరంభమైనది. యంత్రము వ్రాసినదానిని సరిచూచువారు ఇంకను కావలెను. అయినను కొలువులు కొద్ది. పొలము కుదువపెట్టి నేర్వవలసిన విద్య కాదిది.

బడి విడిచిన పిదప సాధనకు ఈ పఠనమందిరమే చాలును. సాయంకాలము ఒక చందాదారు గడియారము ముందుంచుకొని సంపాదకీయమును పైకి చదువవలెను. పిల్లవాడు వ్రాసినదానిని మరునాడు అదే పత్రికతో మాట మాట పోల్చి చూడవలెను.