ధ్వనిని మించు విమానము - గాలిద్వారము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



చెరువు నిండి అలుగు పారునపుడు నీరు వాలుమీదుగా పలుచని పొరయై మిక్కిలి వడిగా దిగును. అడుగున ఒకచోట హఠాత్తుగా ఉబికి, నురుగులు గట్టి, ఆపై లోతుగా, నెమ్మదిగా సాగును. గాలియందును ఇట్టి ఉబుకు కలదు. ధ్వనిని మించిన వేగమున వచ్చు గాలికి అడ్డు తగిలినచో అచట పలుచని తెరవంటిది ఏర్పడును. దానిని దాటగనే గాలి వేగము తగ్గి, పీడనము, వేడిమి ఒక్కసారిగ పెరుగును. ఇదియే ఆఘాత తరంగము. తుపాకిగుండు ముందట ఏర్పడు ఈ తరంగపు ఛాయాచిత్రములను 1887లో మాక్, సాల్చర్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

నేలపై ధ్వని వేగము సెకనునకు సుమారు 340 మీటర్లు. దానికి రెండింతల వేగమున ఎగిరిన కాంకర్డు విమానమందు సైతము ఇంజను రెక్కలు అంతటి వడిగాలిని భరింపజాలవు. కావున ద్వారమునందే గాలిని ధ్వని వేగములో సగమునకు తగ్గించిరి. అయితే నిలువు తరంగ మొక్కటియే అడ్డు నిలిచినచో, రెండింతల వేగమున గాలి మొత్తపు పీడనములో నూటికి 28 పాళ్లు, మూడింతల వేగమున 67 పాళ్లు వ్యర్థమగును. ముందు ఏటవాలు తరంగములను నిలిపి, చివర బలహీనమైన నిలువు తరంగమును ఉంచినచో ఈ నష్టము చాల తగ్గును.

తరంగము ఎచట నిలుచునో ముందుగా చెప్పుటయే కష్టము. ఇంజనులో ఒత్తిడి మితిమీరిన నిలువు తరంగము ద్వారము వెలుపలికి నెట్టబడును. గాలి చాలక విమానము ఒక ప్రక్కకు గుంజబడును. అమెరికావారి ఎస్.ఆర్. 71 విమాన చోదకులు ఈ కుదుపులను చవిచూచిరి. ద్వారమందలి శంకువును ముందువెనుకలకు కదల్చి తరంగమును అదుపున ఉంచెడివారు. ఏటవాలు తరంగపు కోణము కాగితముపై లెక్కకు వచ్చును. కాని గోడల నంటియున్న మందగాలి పొర తరంగముతో పెనగి లెక్కను తారుమారు చేయును. అందుచే కంప్యూటరు గణనను గాలిసొరంగ పరీక్షతో సరిచూచెదరు.

ఈ విద్య మనకు దూరమైనది కాదు. హైదరాబాదులోని రక్షణ పరిశోధన ప్రయోగశాల ఆకాశ్ క్షిపణిని నిర్మించినది. అది గాలిని పీల్చు రామ్‌జెట్ ఇంజనుతో ధ్వనిని మించి పోవును. 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరమున పరీక్షించిన వాహనము సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున గాలిద్వారము తెరచి, ధ్వనికి ఆరింతల వేగమున 20 సెకనులకు పైగా ఇంజను మండించుకొని సాగినది.

ఏటవాలు తరంగపు లెక్కకు పునాది ఉన్నత పాఠశాలలో నేర్పు త్రికోణమితియే. అట్టి గణిత గ్రంథములు గ్రామ బాలబాలికల చేతికి అందవలెను. గ్రంథాలయము చేయదగిన సేవ అదియే.