విశ్వవిద్యాలయాలు – మన పాల సంఘాలు

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సంఘం మాజీ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



కొత్త సాంకేతిక విద్యను, గ్రామీణ ప్రాంతాలలో యువ పారిశ్రామికులను ప్రోత్సహించడానికి విశ్వవిద్యాలయాలు చేస్తున్న కృషిని గురించి నన్ను మాట్లాడమన్నారు. నేను ఇరవై రెండేళ్లు పాల కేంద్రంలో లెక్కలు రాసినవాణ్ణి. విశ్వవిద్యాలయం గేటు దాటింది రెండు మూడుసార్లే. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయం చివరికి వచ్చి నిలిచేది మన కేంద్రం గుమ్మంలోనే.

తెల్లవారుజామున క్యానుతో వరుసలో నిలబడ్డ సభ్యుని మనసులో ఒకటే ప్రశ్న: ఈ పూట వెన్న ఎంత పడుతుంది? రోజుకు పది లీటర్ల గేదె పాలు పోసే సభ్యురాలు ఉన్నదనుకుందాం. కిలో వెన్నకు 800 రూపాయలు ధర అనుకుందాం. పరీక్షలో 0.2 శాతం తక్కువ చూపితే ఆమెకు రోజుకు పదహారు రూపాయలు పోతుంది. నెలకు దాదాపు 500 రూపాయలు. అది ఆమె దాణా ఖర్చులో చెప్పుకోదగ్గ భాగం.

వెనుక మనం గెర్బర్ పరీక్ష చేసేవాళ్లం. 10 మిల్లీలీటర్ల ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు గొట్టంలో పోసి తిప్పితే వెన్న పైకి తేలేది. అందరి కళ్ల ఎదుటా కనబడేది. కాని చెయ్యి కాలేది, సమయం పట్టేది. తరువాత యంత్రాలు వచ్చాయి. నిమిషంలో చీటీ చేతికి వస్తున్నది. యంత్రాన్ని ఇవాళ సరిగా కడిగారా, సరిచూశారా అన్నది మాత్రం ఆ చీటీ చెప్పదు. సభ్యునికి అనుమానం వస్తే సంఘం వదిలి ప్రైవేటు వ్యాపారి దగ్గరికి పోతాడు. కనుక శాస్త్ర సాంకేతికం మనకు దూరపు సంగతి కాదు.

ఇక విశ్వవిద్యాలయాల సంగతి. చదువుకున్న యువకులు ఉద్యోగం కోసమే చూడకుండా సొంతంగా పరిశ్రమ పెట్టాలనే ఉద్దేశంతో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 1982లోనే ఒక ప్రత్యేక బోర్డును ఏర్పరచింది. ఈనాడు అనేక విద్యాసంస్థలలో ఇంక్యుబేటర్లు నడుస్తున్నాయి. ఈ మాట కోళ్ల రైతులకు తెలిసినదే. గుడ్డుకు వేడి ఇచ్చి పిల్లను చేసినట్లే, ఇక్కడ ఒక ఆలోచనకు చోటు, సలహా, కొంత పెట్టుబడి ఇచ్చి చిన్న కంపెనీగా తయారు చేస్తారు. రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నాబార్డు సాయంతో 2021లో ఆగ్‌హబ్ ప్రారంభమైంది. రాజేంద్రనగర్‌లోనే జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీలోనూ ఇటువంటి కేంద్రం ఉన్నది.

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాద్ 2019లో కృత్రిమ మేధలో బి.టెక్. కోర్సు మొదలుపెట్టింది. అంతకు ముందు 2018లో అక్కడి పరిశోధకులు పాల కల్తీ మీద పని చేశారు. పాల ఆమ్లతను బట్టి రంగు మారే కాగితం తయారు చేశారు. దానిని పాలలో ముంచి ఫోనుతో ఫొటో తీస్తే, ఆ రంగును ఫోనే చదివి కల్తీ ఉన్నదీ లేనిదీ చెబుతుంది. ప్రయోగశాలలో మంచి ఫలితాలు వచ్చాయి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ కూడా కల్తీని పట్టే కాగితపు పట్టీలు తయారు చేసింది.

ఇవన్నీ సంతోషించదగినవే. అయితే ప్రయోగశాలకూ మన పశువుల కొట్టానికీ మధ్య దూరం ఉన్నది. నా అనుభవం ఒకటి చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఒక కళాశాల విద్యార్థులు నలుగురు మా సంఘానికి వచ్చారు. గేదె ఎదను పట్టే మెడపట్టీ తయారు చేశామన్నారు. మనకు కావలసిందే అది. ఎండాకాలంలో గేదెకు మూగ ఎద వస్తుంది. అరవదు, తీగ వేసినా కనబడీ కనబడనట్లుంటుంది. ఒక ఎద తప్పితే మళ్లీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. పాలు లేని గేదెకు అన్ని రోజులూ మేత దండగ. సంతోషంగా సంతకం పెట్టి, మజ్జిగ ఇచ్చి పంపాను. ఆరుగురు సభ్యుల గేదెలకు పట్టీలు కట్టారు.

వారం తిరగకముందే అవి మూగబోయాయి. గేదె మధ్యాహ్నం చెరువులో పడుకుంటుంది గదా! ఆ పిల్లలు షెడ్డులో కట్టేసిన ఆవుల మీదనే పరీక్ష చేసి తెచ్చారు. పైగా కబురు పోయేది యజమాని ఫోనుకు. ఒక ఇంట్లో యజమాని పట్నంలో పనిలో ఉంటాడు. గేదెను చూసేది భార్య. ఆమె దగ్గర ఉన్నది చిన్న ఫోను. పట్టీ ఉన్నది గదా అని ఆమె రోజూ చూసుకోవడం మానేసింది. రెండు ఎదలు తప్పాయి. నలభై రెండు రోజులు! ఆమె నన్ను తిట్టలేదు. “మీరు చెప్పారనే కట్టించుకున్నానన్నా” అన్నది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తప్పు పిల్లలదేనా? చెరువు సంగతి నేను చెప్పలేదు. వాళ్లు అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. చదువుకున్నవాళ్లు గదా అనుకున్నాను.

ఆనంద్ కథ ఒకసారి తలచుకోండి. 1950 దశకంలో గేదె పాలను పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు అన్నారు. దలాయా అనే ఇంజనీరు చేసి చూపించాడు. 1955లో అక్కడ డెయిరీ మొదలైంది. ఆయన చదువుకున్నది అమెరికాలో. కాని పని చేసింది రైతుల సంఘంలో, గేదె పాల మధ్య. రైతుల కష్టం కళ్ల ఎదుట ఉన్నందువల్లనే ఆ చదువు అక్కరకు వచ్చింది. అదే ఆనంద్‌లో 2025లో పార్లమెంటు చట్టంతో త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయం ఏర్పడింది. సహకార రంగానికి ఒక విశ్వవిద్యాలయమే వచ్చినప్పుడు, దానికి మన కష్టాలు తెలియజేయవలసిన బాధ్యత మనదే.

కనుక కొన్ని మనవులు.

మొదటిది: మన ఇబ్బందులను సర్వసభ్య సమావేశంలో చర్చించి మినిట్సు పుస్తకంలో రాయండి. మూగ ఎద, పొదుగువాపు, ఎండాకాలంలో పాలు విరగడం, పరీక్ష యంత్రం మీద అనుమానం, ఏదైనా సరే. ఆ తీర్మానం ప్రతిని దగ్గరలోని వ్యవసాయ, పశువైద్య, ఇంజనీరింగు కళాశాలలకు పంపండి.

రెండవది: వచ్చే విద్యార్థులను ఒక్క పూటతో పంపవద్దు. ఉదయం పాల వరుసలోనూ, మధ్యాహ్నం చెరువు గట్టునా నిలబడనివ్వండి. గేదెను ఎవరు చూస్తారో వారితోనే, అంటే మన ఆడవాళ్లతో, మాట్లాడనివ్వండి.

మూడవది: కొత్త యంత్రం వచ్చిందని పాత పద్ధతి మానవద్దు. నెల రోజులు అదే పాలకు గెర్బర్ పరీక్ష కూడా చేసి, రెండు అంకెలూ పక్కపక్కన రాసి గోడకు అంటించండి. ప్రయోగంలో నష్టం వస్తే ఎవరు భరించాలో ముందే కాగితం మీద పెట్టండి.

నాలుగవది: సభ్యుల పాల లెక్కలు, పశువుల వివరాలు ఈ కొత్త కంపెనీలకు ఎంతో విలువైనవి. పాలకవర్గం తీర్మానం లేకుండా ఇవ్వవద్దు. ఇచ్చినప్పుడు, తయారైన వస్తువు మన సంఘాలకు తక్కువ ధరకు ఇవ్వాలని అడగండి.

చివరిగా, మన పిల్లలు కూడా ఇవాళ కంప్యూటర్లు, కృత్రిమ మేధ చదువుతున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వాళ్లను ఒక ఉదయం కేంద్రానికి తీసుకురండి. గేదె చెరువులో పడుకుంటుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.