కొలువునందు నిలుకడ ఎవరిది?

(పఠనాలయమున గావించిన యుపన్యాసము)



నేటి యువకులకు కొలువునందు నిలుకడ లేదని యజమానులును, యజమానులకు మాటయందు నిలుకడ లేదని యువకులును మొఱపెట్టుచున్నారు. వకీలు వృత్తిలో నున్నందున ఈ యుభయుల మొఱలును మా బల్లమీదనే కలిసికొనుచుండును. మా యొద్దకు వచ్చిన యొక యువకుని వృత్తాంతముతో నుపక్రమింతుము.

అతడు రైతుబిడ్డ. ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని హైదరాబాదులో నొక చిన్న సాఫ్టువేరు సంస్థయందు చేరెను. చేరిన నాడే, రెండేండ్లు కదలననియు, కదలినచో రెండు లక్షల రూపాయలు చెల్లింతుననియు బాండు వ్రాయించుకొనిరి. అంతటితో తనివినొందక, అతని పట్టాయు, పదవ తరగతి పత్రమును, అసలు ప్రతులే, పుచ్చుకొని బీరువాలో బెట్టిరి. శిక్షణ యిచ్చితిమని వారి వాదము. ఆ శిక్షణ మూడు వారములు. అదియును పాత యుద్యోగి యొకడు తీరిక చిక్కినపుడు చెప్పిన నాలుగు మాటలు. పదునాలుగు నెలలకు వేఱొకచోట హెచ్చు జీతము దొరకగా, మనవాడు నోటీసైన నీయక ఒక సోమవారమునుండి పోవుట మానెను.

ఈ తగవు నేటిది కాదు. పరిపాలనము కంపెనీనుండి రాణిచేతికి పోయిన మఱుసటి యేట, 1859లో, బయానా పుచ్చుకొని పని మానిన కూలివానిని మేజిస్ట్రేటు చెఱసాలకు బంపవచ్చునని యొక చట్టము గావించిరి. మాట తప్పిన షాహుకారుపై సివిలు దావా, మాట తప్పిన కూలివానికి జైలు! ఆ చట్టము 1925లో గాని రద్దు కాలేదు. పిమ్మట స్వతంత్ర భారతము 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము చేసినపుడు, అప్పుపేర మనుష్యుని కట్టివేయు పద్ధతుల పట్టికలో పాలేరు, భాగేలా, వెట్టి యను మన మాటలును చేరినవి. ఇంగ్లీషు చట్టములో మన మాటలు కానవచ్చిన సంతోషింపవలసినదే. ఇచ్చట మాత్రము తల వంచుకొనవలసి వచ్చినది.

బాండులన్నియు వెట్టియే యని మేము చెప్పము. మూడేండ్లు పూర్తిగాక మానిన యుద్యోగి రెండు లక్షలు చెల్లింపవలసినదేయని 2025 మే నెలలో సుప్రీముకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు పక్షమున తీర్పు చెప్పినది. కొందఱు యజమానులు ఈ తీర్పును పటము గట్టించి గోడకు తగిలించినట్లు మాటలాడుచున్నారు. కడవఱకు చదివినట్లు తోచదు. ఆ యుద్యోగి హెచ్చు జీతముగల సీనియరు మేనేజరు. బ్యాంకు బహిరంగముగ నియామకము జరిపిన గాని అతని స్థానమున మఱియొకని చేర్చుకొనజాలదు. ఆ సొమ్ము అతడు మానుటకే వీలులేనంత పెద్దది కాదు. కోర్టు ఇవన్నియు తూచి చూచినది. ఒప్పందముల చట్టము 74వ సెక్షను ప్రకారము బాండులో వ్రాసిన మొత్తము గరిష్ఠ పరిమితి. దానికి లోబడి సముచితమైన పరిహారము మాత్రమే లభించును. మూడు వారముల నాలుగు మాటలకు రెండు లక్షలు సముచితమా? ఇక నొకని పట్టాను బీరువాలో దాచుకొనుటకు ఆ తీర్పునం దెచ్చటను ఆధారము లేదు.

నిలుకడ కోరువారు తామును నిలుకడ చూపవలదా? 2022లో పట్టభద్రులకు నియామక పత్రములిచ్చి, 2024 వఱకు చేర్చుకొనక త్రిప్పిన పెద్ద సాఫ్టువేరు సంస్థలును కలవు. ఆ రెండేండ్లకు బాండు ఎవరు వ్రాసిరి? వారు తొలగించిన వ్యాపార పరిస్థితి, వీరు తొలగిన ద్రోహము! పైగా 'మనమంతయు నొకే కుటుంబము' అని చేరిన నాడు చెప్పుట వాడుక. తమ్మునిచేత బాండు వ్రాయించుకొన్న అన్నను మేము చూడలేదు. భాగపరిష్కారపు దావాలు మాత్రము చాల చూచితిమి.

అట్లని యువకుని వెనుకవేసికొని రాము. చెప్పక మానుటవలన చిక్కులబడినవాడు యజమాని యొక్కడే కాదు. ప్రక్కబల్లవాడు, ఇతనివంటి యువకుడే, రెండు నెలలు ఇద్దఱి పనియు చేసెను. మే మడుగగా అతడే యీ సంగతి చెప్పెను; చెప్పునపు డాతని కంఠస్వరము తగ్గెను.

మేము సంస్థకు నోటీసిచ్చితిమి: పత్రములు వెంటనే పంపుడు, నోటీసు కాలమునకు నొక నెల జీతము మా కక్షిదారుడు చెల్లించును, అంతకుమించి కోరుదురేని శిక్షణకు నిజముగనైన ఖర్చు లెక్క చూపుడు. లెక్క రాలేదు. పదునెనిమిదవనాడు పత్రములు మాత్రము కొరియరులో వచ్చినవి. పత్రములు చేతికి వచ్చిన పిదప, ఇక జీతపు సొమ్ము పంపుటెందులకని యువకుడు సణిగెను. మేము దగ్గఱ కూర్చుండి పంపించితిమి.