ఇంటికి కూడా న్యాయమైన తూకం కావాలి
(పోచంపల్లి యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



పోచంపల్లి అనగానే తెలుగువాళ్ళకు తెలంగాణలోని పోచంపల్లి గుర్తొస్తుంది. చేనేత చీరలు, 1951లో వినోబా భావే మొదలుపెట్టిన భూదానం గుర్తొస్తాయి. మనం కూర్చున్నది కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో. ఇది మామిడి తోటల సీమ. ఇప్పుడు ఫ్యాక్టరీల సీమ కూడా అయింది. హోసూరులో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ ఎప్పటినుంచో ఉన్నాయి. 2021లో మన పోచంపల్లి దగ్గర ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్ల ఫ్యాక్టరీ మొదలైంది. పనికోసం వచ్చినవాళ్ళకు గదులు కావాలి. అందుకే స్లాబు మీద స్లాబు లేస్తోంది, రేకుల గదులు వరుసగా వెలుస్తున్నాయి. ఈ రోజు ఆ గదుల గురించి మాట్లాడుకుందాం.

అద్దెకు ఇల్లు చూడబోయినప్పుడు మనం ఏమడుగుతాం? అడ్వాన్సు ఎంత, నీళ్ళు వస్తాయా, బండి పెట్టుకోవడానికి చోటుందా, కరెంటు యూనిట్‌కి ఎంత తీసుకుంటారు. ఇవి అడుగుతాం. ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం ఈ గది ఎంత కాగుతుంది, ఇంతకు ముందున్నవాళ్ళకు బిల్లు ఎంత వచ్చేది అని మాత్రం అడగం. అడిగినా చెప్పేవారు లేరు, చూపించే కాగితమూ లేదు.

ఫ్రిజ్ కొనేటప్పుడు మాత్రం నక్షత్రాలు చూసి కొంటాం. ఆ స్టార్ గుర్తులు మన దేశంలో 2006లో వచ్చాయి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అనే కేంద్ర సంస్థ వాటిని ఇస్తుంది. ఇరవై వేల ఫ్రిజ్‌కి ఉన్న గుర్తు, ఇరవై లక్షల ఇంటికి లేదు. నెలనెలా అద్దె కట్టే గదికి అసలే లేదు.

గది వేడికీ బిల్లుకూ సంబంధం ఏమిటో లెక్క వేసి చూద్దాం. పాత రకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. గది కాగుతూ ఉంటే అది రోజుకు 15 గంటలు తిరుగుతుంది. రెండు ఫ్యాన్లకు రెండు నెలల్లో 135 యూనిట్లు అవుతాయి. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్లలో 28 వాట్లవి ఉన్నాయి. అవే గంటలకు రెండింటికీ కలిపి 50 యూనిట్లు చాలు. తమిళనాడులో 2016 నుండి ప్రతి ఇంటి సర్వీసుకు రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం. అంటే ఒక ఇంట్లో ఫ్యాన్లతోనే ఆ ఉచితం అయిపోతుంది. ఇంకో ఇంట్లో అందులో సగం మిగులుతుంది. ఇక ఒకే సర్వీసు కింద నాలుగు పోర్షన్లు ఉంటే, ఆ 100 యూనిట్లు నాలుగు కుటుంబాలకూ కలిపి ఒక్కసారే వస్తాయి. ఓనరు సబ్ మీటరు చూసి యూనిట్‌కి ఇంత అని ఒకే రేటు వసూలు చేస్తే, కిరాయిదారు దాకా అవి చేరనే చేరవు.

పగలంతా ఎండలో కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని కిందికి దించుతూనే ఉంటుంది. నైట్ షిఫ్టు చేసి వచ్చిన అమ్మాయి పగలు నిద్రపోవాలి. బాలింత ఆ గదిలోనే ఉండాలి. పదో తరగతి పిల్లవాడు అక్కడే చదువుకోవాలి. గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు రేకుల ఇళ్ళలో ప్రార్థన ముగిసేలోపే మాకు చెమటతో బట్టలు తడిసిపోతాయి. మేము అరగంటలో లేచి వస్తాం. వాళ్ళు అక్కడే ఉంటారు.

ఇందులో అన్యాయం ఎక్కడుంది? ఇల్లు ఎలా కట్టాలో నిర్ణయించేది ఓనరు, కరెంటు బిల్లు కట్టేది కిరాయిదారు. పైకప్పుకు నాలుగు డబ్బాల తెల్ల పెయింటు వేస్తే ఖర్చు ఓనరుది, లాభం కిరాయిదారుది. అందుకే ఓనరు వెయ్యడు. ఇల్లు తనది కాదు గనుక కిరాయిదారూ వెయ్యడు. ఎవరూ దుర్మార్గులు కాకపోయినా భారం మాత్రం పేదవాడి మీదే పడుతుంది.

ఇది వాక్యానికి సంబంధం లేని సంగతి అని ఎవరైనా అనుకుంటే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం తెరవండి. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, పైనుండి ఎవరైనా పడితే ఆ దోషం ఇంటివాడిదేనని అక్కడుంది. ఇల్లు నాది, నా ఇష్టం అనే మాటను దేవుడు ఒప్పుకోలేదు. ఆ ఇంట్లో అడుగుపెట్టేవాడి ప్రాణానికి కట్టినవాడిదే బాధ్యత. లేవీయకాండము 19వ అధ్యాయం త్రాసు, తూనికరాళ్ళు న్యాయంగా ఉండాలంటుంది. కొనేవాడికి కనిపించనిదాన్ని సరిగా తూచి చూపించాలన్నదే అందులోని న్యాయం. ఇంటి ఎనర్జీ సర్టిఫికెట్ అడగడం కూడా అదే.

ఇతర దేశాల్లో ఇది కొత్త కాదు. యూరోపియన్ యూనియన్ 2002లోనే, ఇల్లు అమ్మినా అద్దెకిచ్చినా ఇలాంటి సర్టిఫికెట్ చూపించాలని ఆదేశం తెచ్చింది. ఇంగ్లండులో 2007లో అమ్మే ఇళ్ళతో మొదలుపెట్టి 2008లో అద్దె ఇళ్ళకూ వర్తింపజేశారు. ఏ నుండి జీ వరకు గ్రేడులుంటాయి. ఒకసారి తీసుకుంటే పదేళ్ళు చెల్లుతుంది. 2018 నుండి, కొన్ని మినహాయింపులు పోను, ఈ గ్రేడుకంటే తక్కువున్న ఇంటిని కొత్తగా అద్దెకివ్వకూడదు. మన పిల్లలెవరైనా అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటే అడిగి చూడండి, ఆ రంగు పట్టీల కాగితం వాళ్ళకు తెలుసు.

మన దేశంలో అడుగులు పడ్డాయి గానీ పేదవాడి గడప దాకా రాలేదు. 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది. పైకప్పు నుండి ఎంత వేడి దిగవచ్చో దానిలో హద్దు ఉంది. ఏ రక్షణా లేని స్లాబు ఆ హద్దుకు రెండింతలకు మించి వేడి దించుతుంది. అయితే ఆ సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టేవాటికే. 2019లో ఇళ్ళకు కూడా నక్షత్రాల లేబుల్ ప్రకటించారు. అది ఇష్టమైనవాళ్ళకే, బలవంతం లేదు. 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం నివాస భవనాలను కూడా లెక్కలోకి తెచ్చింది. కానీ 100 కిలోవాట్ల లోడు ఉన్న పెద్ద భవనాలకే అది తగులుతుంది. మన గది లోడు ఒకటి రెండు కిలోవాట్లు. అయితే రాష్ట్రాలు ఆ హద్దును తగ్గించుకోవచ్చని అదే చట్టంలో ఉంది. మనం తట్టవలసిన తలుపు అది.

తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్ళకు చల్లని పైకప్పు తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్ళకు ఐచ్ఛికం. అక్కడ కూడా చిన్న ఇల్లు బయటే నిలబడింది.

సర్టిఫికెట్ వస్తే అన్నీ సర్దుకుంటాయని మేము చెప్పడం లేదు. అది లెక్క కట్టి ఇచ్చే కాగితం, ఆ ఇంట్లో కాపురం ఉన్నవాళ్ళ బిల్లు కాదు. మంచి గ్రేడు వచ్చిందని ఓనరు అద్దె పెంచవచ్చు. బాగుచేస్తామని చెప్పి పాతవాళ్ళను ఖాళీ చేయించవచ్చు. కాబట్టి సర్టిఫికెట్ అడిగేటప్పుడే, ఆ పేరుతో కిరాయిదారును వెళ్ళగొట్టకూడదని కూడా కలిపి అడగాలి. ఒకదాన్ని వదిలి ఒకదాన్ని అడిగితే మన మంచే పేదవాడికి చెడు అవుతుంది.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. నాలుగు పనులు ఇప్పుడే చేయవచ్చు.

మొదటిది మన ఇంటినుంచే. మన సంఘాల్లో గదులు అద్దెకిచ్చే విశ్వాసులున్నారు. సంఘాలకే హాస్టళ్ళు, షాపులు, ఇళ్ళు ఉన్నాయి. అద్దెకిచ్చే ముందు ఒక కాగితం రాసి ఇద్దాం. పైకప్పు ఏది, కిటికీలు ఎటు ఉన్నాయి, ఫ్యాన్లు ఎన్ని వాట్లవి, మీటరు వేరుగా ఉందా, నిరుటి బిల్లులు ఎంత. తమిళనాడులో రెండు నెలలకోసారి బిల్లు గనుక ఆరు అంకెలు రాస్తే చాలు. ఏ ఇంజనీరూ అక్కరలేదు, నిజాయితీ ఉంటే చాలు.

రెండవది, యౌవనస్థులారా, మీ పని. ఫిబ్రవరి, మార్చి నెలల్లో జట్లుగా బయలుదేరండి. ముందు విధవరాండ్ర ఇళ్ళు, వృద్ధుల ఇళ్ళు చూడండి. ఓనరు అనుమతి తీసుకుని పైకప్పుకు సున్నం గానీ తెల్ల కూల్ పెయింటు గానీ వేయండి. గదిలో సాధారణంగా రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. రేకుల మీదికి ఎక్కేటప్పుడు పలక వేసుకోండి, రేకు మీద నేరుగా కాలు పెట్టకండి.

మూడవది, కిరాయికి వెళ్ళేవాళ్ళు అడగడం అలవాటు చేసుకోవాలి. పాత బిల్లు చూపించండి అన్నా అని మర్యాదగా అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాడికి ఓనరే తెచ్చి చూపిస్తాడు.

నాలుగవది, మన శాసనసభ్యులకు వినతిపత్రం. చిన్న అద్దె ఇళ్ళకూ తక్కువ ఖర్చుతో లేబుల్ ఇవ్వాలని, పేదల పైకప్పులకు సాయం చేయాలని, ప్రతి పోర్షనుకూ వేరు మీటరు ఉండాలని రాద్దాం. తెలుగులోనూ తమిళంలోనూ రాద్దాం. పక్క వీధిలోని హిందూ, ముస్లిం సోదరుల సంతకాలూ తీసుకుందాం. ఎండ అందరి కప్పు మీదా ఒకటే.

ఈ వారంలో ప్రతి ఒక్కరూ మీ ఇంటి ఆరు బిల్లులు వెదికి తీయండి. అద్దెకిచ్చినవాళ్ళు ఆ గదిలోకి మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళి, ఫ్యాను వేసుకోకుండా ఒక గంట కూర్చుని రండి. వచ్చే కూడికలో ఆ సంగతులు మాట్లాడుకుందాం. ప్రభువు మనకు న్యాయమైన తూకం నేర్పును గాక. ఆమేన్.