పండుగలకు డప్పు ఎవరి కోసం కొడుదాం?

(వర్నిల వాడల పెద్దలు, మహిళలు, యువకులు కలిసి కూసున్న సభల ఒక ఉపాధ్యాయ కార్యకర్త మాట్లాడిన మాటలు)

 

ఇగ పండుగల కాలం వస్తున్నది. పెత్రమాసనాడు ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిదోనాడు సద్దులు, ఆ వెనుక దసరా. నిజాంసాగర్ కాలువ కింద మన దిక్కు వరి ముందుగాల కోతకొస్తది గనుక కోతలు గూడ వీటితోనే పడతయ్. ఊరికి ఇది సంబురాల కాలం. మనకు మాత్రం పనుల కాలం. జమ్మి కాడికి డప్పు మనమే కొట్టాలె, యాటను మనమే కొయ్యాలె, తెల్లారి ఊడ్చుడు గూడ మనమే. ఈసారి ఇందులో ఏది చేస్తం, ఏది చెయ్యం అన్నది ఇయాల తేల్చుకొని లేవాలె. అందుకే మిమ్మల్ని పిలిచినం.

ముందు డప్పు ముచ్చట. మన తాతలు ఊరికి డప్పు కొడితే కల్లం కాడ మేర కొలిచేటోళ్లు. అది న్యాయమైన కూలి అని మేము అనం. కుంచెడు వడ్లు పెట్టి ఏడాదంతా చాకిరి చేయించుకున్నరు. అయినా ఏదో ఒకటి ఇంటికి వచ్చేది. ఇప్పుడు హార్వెస్టర్ పొలంల దిగితే వడ్లు ట్రాక్టరెక్కి కొనుగోలు కేంద్రానికి పోతున్నయ్. కల్లం లేదు, మేర లేదు. డప్పు మాత్రం మన భుజం మీదనే ఉన్నది! మేర బంద్ అయిననాడు ఏ పెద్దమనిషీ వచ్చి "మీ డప్పు గూడ బంద్ చేసుకోండ్రి" అనలేదు గదా?

డప్పు సిగ్గుపడేటిది కాదు. చిర్ర, సిటికెన పుల్ల పట్టినోని చేతిల ఎంత విద్య ఉన్నదో మనకెరుక. సిగ్గుపడేటిది వెట్టి. కాబట్టి మేము పెడుతున్న మాట ఇది: దసరాకు డప్పు కావాలంటే కూలి ముందుగాల మాట్లాడాలె, పైసలు చేతిల పెట్టాలె. ఇష్టమున్నోడు పోతడు, లేనోడు పోడు. కొట్టినోడు జమ్మి కాడ అందరితో పాటు నిలబడి ఆకు తీసుకుంటడు. ఆకు చేతిల పెట్టి కాళ్లు మొక్కుడు లేదు. అలాయ్ బలాయ్ అయితే అందరితో అలాయ్ బలాయ్.

రెండో ముచ్చట బరువైనది. పండుగ ఊరేగింపు ముంగట మన ఆడబిడ్డను ఆడించే ఆచారం. జోగిని అని పేరు పెట్టి దేవతకు లగ్గం చేసి, ఊరి మగోళ్లకు వదిలేసిన పాపం ఈ జిల్లాను పట్టి పీడించింది. 1980లల్ల కవి గుర్రం జాషువా బిడ్డ హేమలత, ఆమె పెనిమిటి లవణం ఈడికి వచ్చి ఆ ఆచారం మీద పనిచేసిండ్రు. మన వర్నిలనే చెల్లి నిలయం పెట్టిండ్రు. జోగినిని చెల్లె అని పిలిచే ఒక జాగ ఈ నేల మీద వెలిసింది. జోగినిలుగ మార్చుడును నిషేధిస్తూ 1988ల చట్టం గూడ వచ్చింది. అయినా ముసలిదైన జోగినిని "ఈ ఒక్కసారి వచ్చి ఆడిపో" అని ఇంకా పిలిచేటోళ్లున్నరు. ఆ పిలుపుకు వాడ మొత్తం అడ్డం నిలబడాలె. ఆ తల్లుల పిల్లలు బడికి వస్తే రిజిస్టరుల తండ్రి పేరు గడి చూసి ఎనుకకు పంపొద్దు. తల్లి పేరు రాసి చేర్చుకోవాలె. పంతుళ్లం ఉన్నం గదా, ఆ బాధ్యత మాది.

ఇదంతా ఒప్పుకుంటే ఊరు ఊరుకుంటదా? గ్రామాభివృద్ధి కమిటీల సంగతి నిజామాబాద్ జిల్లాల పుట్టినోనికి చెప్పే పని లేదు. పేరేమో అభివృద్ధి. చేసేది బెల్టుషాపు వేలం, జరిమానా, మాట వినకుంటే వెలి! కిరాణంల సరుకు ఇయ్యొద్దు, ఆటో ఎక్కించుకోవద్దు, కూలికి పిలువద్దు. గీ బెదిరింపుకే మనోళ్లు సగం మంది మెత్తబడతరు. వాళ్లను తప్పుపట్టం, పొయ్యి వెలగాలె గదా.

అందుకే చట్టం సంగతి మూడు ముక్కల్ల ఎరుక చేసుకోండ్రి. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015ల సవరించిండ్రు, 2016 జనవరి 26 నుంచి అమలైంది. దాని మూడో సెక్షన్ల వెట్టి చేయించుడు నేరం. దళిత స్త్రీని జోగిని చేసుడు నేరం. ఊరేగింపుల, జాతరల మనల్ని కలువనియ్యకపోవుడు నేరం. సాంఘిక బహిష్కారం చేసుడే కాదు, చేస్తమని బెదిరించుడు గూడ నేరం. ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాక జైలు. దర్యాప్తు డీఎస్పీకి తక్కువ కాని అధికారి చెయ్యాలె. ఎవడన్న బెదిరిస్తే ఆ రోజు, వేళ, ఆడ ఉన్నోళ్ల పేర్లు నోటుబుక్కుల రాయండ్రి. ఠాణాకు ఒక్కలు పోవద్దు, పదిమంది పోవాలె, అండ్ల ఆడోళ్లుండాలె. దరఖాస్తు మేము రాసిస్తం.

ఇగ మన దినాలు. ఇవి పంచాంగంల దొరుకవు. సెప్టెంబర్ 24న రెండున్నయ్: 1873ల జోతిబా ఫూలే సత్యశోధక సమాజం పెట్టిన దినం, 1932ల పూనా ఒప్పందం మీద సంతకాలైన దినం. ఒకటి సంతోషం, ఒకటి కడుపుమంట. నాలుగొద్దులకే, 28న, జాషువా పుట్టినదినం.

అన్నిటికంటె పెద్దది అక్టోబర్ 14. 1956ల దసరా సరిగ్గ ఆ తారీఖునాడే పడ్డది. ఆనాడు నాగపూర్‌ల బాబాసాహెబ్ లక్షల మందితో బౌద్ధం తీసుకున్నడు. రెండు నెలలు తిరుగకముందే, డిసెంబర్ 6న, కన్నుమూసిండు. ఒంట్ల బాగలేని మనిషి ఎదురుచూడకుంట చేసిన పని అది. మీరు బౌద్ధులు కావాలని మేము ఇయాల అడుగుతలేం, అది ఎవరి మనసు వాళ్లది. ఇంకొకల పండుగల ముంగట నడిచే జనం తమ పండుగను తామే నిలబెట్టుకున్నరు చూడుండ్రి, అది యాది చేసుకోవాలంటున్నం.

మనోళ్లు సభ పెట్టుకుంటేనే గుళ్లు వణికిన కాలముంది. 1917 నవంబర్‌ల మన హైదరాబాద్ భాగ్యరెడ్డి వర్మ బెజవాడల పంచమ సభకు అధ్యక్షుడైండు. పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని ఆ సభలనే పేరు మార్చిండు. వీళ్లు లోపలికొస్తరేమోనని ఆ దినాలల్ల కనకదుర్గ గుడి తలుపులు మూసిండ్రంట!

ఒక్క మాట దాచకుంట చెప్పాలె. వర్గీకరణ మీద మాల వాడ మాట వేరు, మాదిగ వాడ మాట వేరు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల చట్టం అమలైంది. ఆ పంచాయితీ ఉంటే మనల మనం మాట్లాడుకుందాం. అక్టోబర్ 14న మాత్రం రెండు వాడలు ఒక్క బంతిల కూసొని తినాలె. ఆనాడు డప్పులు మన కోసం కొడుదాం, కోతల్ల ఉన్నోళ్లు వచ్చేటట్టు పొద్దుగూకినంక పెట్టుకుందాం.

ఇంటికి సోలెడు బియ్యం, పది రూపాయలు. లెక్క ఆడోళ్ల సంఘం రాస్తది, తెల్లారి గోడకు అతికిస్తది. డప్పులు కాపుకునేటందుకు గడ్డి, చదువుకున్న పిల్లలకు రాజ్యాంగం పుస్తకం మేము తెస్తం. 17వ అధికరణం, 23వ అధికరణం ఒక బడిపిల్ల గట్టిగ చదువుతది. పేర్లిచ్చేటోళ్లు ఇప్పుడే ఈ బల్ల కాడికి రాండ్రి. జై భీమ్!