తెగులునకు, వేడిమికి నడుమ మొక్క
(ఉపన్యాస పాఠము)



సూరతు పేరు చెప్పగానే తెలుగువారికి ముందుగా స్ఫురించునది మగ్గముల చప్పుడు. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరము ప్రాంతములనుండి వచ్చి ఈ తాపీ నదీతీరమున స్థిరపడిన పద్మశాలీ కుటుంబములు అనేకములు గలవు. వారు నేయు వస్త్రములలో అధికభాగము కృత్రిమ దారముతో నేసినదే గాని ప్రత్తినూలుతో నేసినది కాదు. అయినను వాణిజ్యసరళిని సాగైన సంకర ప్రత్తి ప్రపంచములో తొలిసారిగా పుట్టినది ఈ ఊరియందేనని ఎరిగినవారు తక్కువ. 1970లో ఇచ్చటి ప్రత్తి పరిశోధన కేంద్రమున డాక్టరు చంద్రకాంత్ పటేలు గుజరాత్-67 అను రకమును, అమెరికన్ నెక్టరిలెస్ అను రకమును సంకరపరచి హైబ్రిడ్-4ను వెలువరించెను. పూవు విచ్చుటకు ముందే కేసరములను చేతితో తొలగించి, రెండవ రకపు పుప్పొడిని చేతితోనే అద్దవలెను. ఇంత శ్రమతో కూడిన పని రైతుల పొలములలో సాగునా అని సందేహించినవారికి ఆ విత్తనమే సమాధానము చెప్పినది.

దిగుబడి మాట అటుండనిచ్చి, ఆ చేను బ్రతికి బట్ట కట్టుట ఎట్లన్నది నేటి ప్రసంగ విషయము. దక్షిణ గుజరాతు నల్లరేగడి నేలలలో ప్రత్తికి ఇద్దరు పగవారు గలరు. ఒకటి నేలలోని శిలీంధ్రము, రెండవది ఆకాశమునుండి దిగు వేడిమి. ఈ ఇద్దరితోను మొక్క ఏకకాలమున పోరాడవలసి వచ్చినప్పుడు దాని కణములలో జరుగునదేమి?

ముందు శిలీంధ్రము సంగతి. ఫ్యూజేరియం అను శిలీంధ్రము వలన కలుగు ఎండు తెగులు ప్రత్తి రైతునకు చిరపరిచితమైనది. నిన్న పచ్చగా నుండిన మొక్క నేడు వడలిపోవును. కాండమును చీల్చి చూచినచో లోపల గోధుమవర్ణపు చారలు కనబడును. వేరునుండి నీరు పైకెక్కు నాళములలోనే శత్రువు కాపురము పెట్టినదన్నమాట. పంట తీసివేసినను దాని దళసరి గోడల బీజములు నేలలో సంవత్సరముల తరబడి నిలిచియుండును. ఈ దేశపు పొలములలో ఇది ప్రధానముగా దేశవాళీ ప్రత్తులకే పట్టును. అమెరికను జాతి ప్రత్తి సాధారణముగా దీని వాత బడదు. ఒకే నేల, ఒకే శిలీంధ్రము. ఒక మొక్క చచ్చును, ప్రక్క మొక్క నిలుచును. ఈ భేదము అదృష్టమువలన కలిగినది కాదు, జన్యువులవలన కలిగినది.

మొక్కకు కన్నులు లేవు, రక్తము లేదు, తిరుగాడు రక్షకకణములు లేవు. కావున ప్రతి కణమును తన కావలి తానే కాచుకొనవలెను. కణపు పైపొరలో గ్రాహకములను మాంసకృత్తులు తలుపువద్ద కాపలావాండ్రవలె నిలిచియుండును. శిలీంధ్రపు గోడలో కైటిన్ అను పదార్థము గలదు. మొక్కలో అది లేదు. కావున కైటిన్ తునక తగిలినచో వచ్చినవాడు పరాయివాడేయని గ్రాహకము గుర్తించును. బాక్టీరియాల తోకలలోని మాంసకృత్తును పట్టు గ్రాహకమును 2000 సంవత్సరమున స్విట్జర్లాండులోని బాజెల్ శాస్త్రజ్ఞులు అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో కనుగొనిరి. ఆ మాంసకృత్తులో కేవలము 22 అమైనో ఆమ్లముల తునకయే మొక్కను మేల్కొల్పుటకు చాలును.

తరువాతి వ్యవహారము నిమిషములలో సాగును. బయటినుండి కాల్షియము కణములోనికి జొరబడును. తీక్ష్ణమైన ఆమ్లజని రూపములు పుట్టును. వార్త ఒక మాంసకృత్తునుండి మరియొకదానికి అందుచు కేంద్రకమును చేరి, నిద్రించుచున్న జన్యువులను లేపును. కైటిన్‌ను కోసివేయు ఎంజైములు తయారగును. కణపు గోడలు గట్టిపడును. ప్రత్తి మొక్క మరియొక పని చేయును. గాసిపాల్ వర్గపు విషపదార్థములను నాళములలో కూర్చుకొని, నాళమునే బిరడావలె మూసివేయును. కొన్ని దారులకు నీరు తప్పినను మిగిలినవి దక్కును. ఇల్లు తగులబడునప్పుడు ప్రక్క వసారా పడగొట్టు వాని వివేకమిది.

ఈ మొదటి కాపలాను దాటి వచ్చు శత్రువును పట్టుటకు లోపల మరియొక వరుస గలదు. అమెరికాలో ఫ్లోర్ అను శాస్త్రజ్ఞుడు 1940ల దశకమున అవిసె మొక్కపై కుంకుమ తెగులును పరిశీలించి, మొక్కలోని ఒక్కొక్క నిరోధక జన్యువునకు శిలీంధ్రములో జోడుగా ఒక్కొక్క జన్యువు ఉండునని తేల్చెను. తాళమునకు తాళపుచెవి వంటి సంబంధమిది. పొగాకులో మొజాయిక్ వైరసును అడ్డు ఎన్ అను జన్యువు ఇట్టిదే; దాని నిర్మాణము 1994లో వెల్లడియైనది. వైరసు సోకిన చోటి కణములు తమంతట తామే చచ్చి, మిగిలిన ఆకును కాపాడును.

ఇక వేడిమి. 1962లో ఇటలీ దేశస్థుడు రిటోస్సా పండ్ల ఈగల క్రోమోసోములను చూచుచుండగా, వేడి తగిలినవానిలో కొన్ని తావులు ఉబ్బియుండెను. అవి వేడిమికి పని ప్రారంభించు జన్యువుల స్థానములని పిదప తెలిసినది. అట్టి జన్యువులు మొక్కలలోను గలవు. ఎండ ముదిరినప్పుడు కణములోని మాంసకృత్తుల మడతలు విడిపోయి, ఉడికిన గ్రుడ్డులోని తెల్లసొనవలె ఒకదానికొకటి అంటుకొనును. అప్పుడు పుట్టు ఉష్ణాఘాత మాంసకృత్తులు వానిని పట్టుకొని, విడదీసి, మరల మడతపెట్టును. ముందుగా కొలది వేడి రుచి చూచిన మొక్క, పిదప తీవ్రమైన వేడిని తట్టుకొనగలదు. చూడని మొక్క కూలును. అయితే పూతకాలమున ఈ రక్షణ చాలదు. ప్రత్తి పుప్పొడి మిక్కిలి సున్నితమైనది. ఆకు పచ్చగానే యుండి కాయ మాత్రము నిలువకపోవుటకు ఇది ఒక కారణము.

అసలు చిక్కు ఇచ్చటనే ఉన్నది. ఈ రెండు పనులును వేర్వేరు శాఖలవి కావు. హెచ్.ఎస్.పి.90 అను ఉష్ణాఘాత మాంసకృత్తు తెగుళ్ళను గుర్తించు లోపలి కాపలావాండ్రను సరియైన రూపమున నిలుపుటకు సైతము కావలసియున్నది. ప్రభుత్వ కార్యాలయములలో ఒకే గుమాస్తాకు రెండు సెక్షన్ల పని అప్పగించిన చందము ఈ సభలోనివారికి వేరుగా చెప్పనక్కరలేదు. పొగాకులోని ఎన్ జన్యువు 28 సెంటిగ్రేడు డిగ్రీలు దాటినచో పనిచేయదు. వైరసు స్వేచ్ఛగా మొక్కయంతట వ్యాపించును. అటుపిమ్మట మొక్కను చల్లని చోటికి మార్చినచో కాపలావాడు ఒక్కసారిగా మేల్కొని, వైరసున్న ప్రతి చోటను కణములను చంపును, మొక్కయే కూలిపోవును.

మొక్క రక్షణలో శాలిసిలిక్ ఆమ్లమునకు గొప్ప స్థానము గలదు. ఆస్పిరిన్ బిళ్ళకు ఇది దగ్గరి బంధువు. 2022లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన షెంగ్ యాంగ్ హె బృందము, అరబిడాప్సిస్ 28 డిగ్రీలవద్ద ఈ ఆమ్లమును తయారుచేయుట మానివేయునని, అందులకు సి.బి.పి.60జి అను జన్యువు మందగించుటయే మూలమని చూపినది. ఆ జన్యువును వేడిలోను పనిచేయునట్లు మార్చగా రక్షణ తిరిగి వచ్చినది. 28 డిగ్రీలనగా సూరతులో వేసవి కాదు సుమా. అది ఇచ్చట చాల మాసములలో ఆహ్లాదకరమైన పగలు. అరబిడాప్సిస్ చలిదేశపు మొక్క గనుక దాని లెక్కను ప్రత్తికి యథాతథముగా అన్వయించుట తగదు. కాని వేడి నేలలలో పెంచు విత్తనపు తెగులు నిరోధమును చల్లని గదిలో మాత్రమే పరీక్షించి నమ్మరాదని ఈ ప్రయోగము హెచ్చరించుచున్నది.

తెలుగునాట ఈ సమస్య అపుడే పొలములలోనికి దిగినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు శనగ పైరును పరిశీలించి, 30 డిగ్రీలు దాటిన వేడిమియు, నేలలో తేమ కొరతయు కలసినప్పుడు ఎండు వేరుకుళ్ళు తెగులు విజృంభించునని గుర్తించిరి. ఒకనాడు అంతగా లెక్కకు రాని తెగులిది. ఎండు తెగులును తట్టుకొను శనగ రకమైనను దీనికి లోబడవచ్చును.

వరి విషయమున కొంత ఊరట గలదు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలయైన సాంబ మసూరి బియ్యమును ఎరుగని తెలుగు గృహిణి లేదు. దానికి బాక్టీరియా ఆకుఎండు తెగులు బెడద. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలకాలయము కలసి మూడు నిరోధక జన్యువులను అందులో చేర్చి, అన్నపు గుణము చెడకుండ 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని విడుదల చేసినవి. ఆ మూడింటిలో ఎక్స్.ఎ.21 అనునది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరినుండి వచ్చినది. ఇది కణపు పైపొర కాపలావాడు. ఇదే తెగులును అడ్డు మరియొక వరి జన్యువు గలదు. దాని పేరు ఎక్స్.ఎ.7. తక్కిన పెక్కు జన్యువుల బలము వేడిలో సన్నగిల్లుచుండగా, దీని బలము మాత్రము వేడి పెరిగినప్పుడు హెచ్చుచున్నదని ప్రయోగములు తెల్పినవి. ఇట్టి జన్యువుల కొరకే నేడు పలుదేశముల ప్రయోగశాలలు గాలించుచున్నవి.